అర అంగుళం అంటే ఎంత?

మొన్న సంక్రాంతికి అశ్వారావుపేట వెళ్ళాను. పండగ మూడు రోజులూ అరిసెలు తినడం, పడుకోవడం, లేచి మళ్ళీ తినడం... ఇదే ప్రోగ్రాం. కనుమ మర్నాడు పొద్దున్నే మావయ్య వచ్చి "ఒరే అల్లుడూ, ఖాళీగానే ఉన్నావు గదా, షెడ్డు దాకా రా" అన్నాడు.

మావయ్యంటే మా అమ్మకి పెద్దన్నయ్య. ట్రాక్టర్ మెకానిక్. కొత్తగూడెంలో ఓ లారీ షెడ్డులో పని నేర్చుకుని, ఎనభైల మొదట్లో మా ఊళ్ళో సత్తుపల్లి రోడ్డు మీద సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి. కళ్ళు సరిగా ఆనడం లేదు, మోకాళ్ళు సహకరించడం లేదు. షెడ్డు కొడుక్కి అప్పజెప్పేస్తున్నాడు. ఆ ముందు నలభయ్యేళ్ళ సామానంతా ఏరి, పనికొచ్చేవి ఉంచి, మిగతావి పాత ఇనుముకి వేసేద్దామని ఆలోచన. చదువుకున్నవాణ్ణి కదా, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో నేను చెబుతానని నమ్మకం. (మా మేనేజరుకి కూడా నా మీద ఇంత నమ్మకం లేదు.)

ఇనప పెట్టె తెరిస్తే ఖాకీ గుడ్డల్లో చుట్టిన మూడు మూటలు. మూడింట్లోనూ పానాలే. చూడ్డానికి అన్నీ ఒకటే. ఒక్కో మూట లోంచి ఒక్కో పానా తీసి నా ముందు పెట్టాడు. మొదటి దాని మీద 1/2 అని అంకె, పక్కన ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం. రెండో దాని మీద కూడా 1/2. మూడో దాని మీద 13.

"వీటిలో అర అంగుళం ఏది?" అన్నాడు.

మొదటి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదాని నోరు ఇంకోదానికి దాదాపు రెట్టింపు! అంకె మాత్రం ఒకటే. ఇక రెండోదీ మూడోదీ చూస్తే అంకెలు వేరు, నోళ్ళు మాత్రం కంటికి ఒకేలా ఉన్నాయి. ప్రోగ్రామర్లకి ఇది తెలిసిన జబ్బే. ఒకే పేరుతో రెండు వేర్వేరు విలువలు, రెండు పేర్లతో ఇంచుమించు ఒకే విలువ. కాకపోతే మన దగ్గర అది ఎర్రర్ మెసేజ్‌తో పోతుంది. మావయ్య దగ్గర పోలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ మూడు మూటలు మూడు దారుల్లో అశ్వారావుపేట ఎలా చేరాయో చెప్పాలి.

మొదటి మూట కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1841కి ముందు అక్కడ ఏ వర్క్‌షాపు మరలు ఆ వర్క్‌షాపువే. ఒకరి బోల్టుకి ఇంకొకరి నట్టు ఎక్కదు. యంత్రం పాడైతే దాన్ని చేసినవాడి దగ్గరికే పోవాలి. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన పేరున్న వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, వాటి సగటులు తీశాడు. ఏ సైజు బోల్టుకి అంగుళానికి ఎన్ని మరలుండాలి, ఆ మరల కోణం ఎంత (55 డిగ్రీలు) అని ఒక పట్టిక వేసి 1841లో సివిల్ ఇంజనీర్ల సంస్థకి సమర్పించాడు. రైల్వేలు పట్టుకున్నాయి, తర్వాత దేశమంతా పట్టుకుంది.

నాకు ఇందులో బాగా నచ్చింది ఆ సగటు సంగతి. ఆయన తలుపులేసుకు కూర్చుని ఆదర్శమైన మర ఏదని ఆలోచించలేదు. బయట జనం ఏం వాడుతున్నారో చూసి, అందరికీ కాస్త కాస్త దగ్గరగా ఉండేదాన్ని ఎంచాడు. పాతదాన్ని వదులుకోవడంలో ఉండే నొప్పిని అందరికీ సమానంగా పంచాడన్నమాట.

అయితే విట్‌వర్త్ పద్ధతిలో ఒక తిరకాసుంది. పానా మీది అంకె పానా నోటి కొలత కాదు, బోల్టు కాడ కొలత. అర అంగుళం లావు బోల్టుకి పైన షట్కోణపు తల ఇంకా పెద్దగా ఉంటుంది కదా, సుమారు 0.92 అంగుళం. ఆ తలని పట్టే పానా మీద 1/2 అని రాస్తారు. తర్వాత 1908 ప్రాంతంలో కారులకీ మోటారు సైకిళ్ళకీ పనికొచ్చేలా సన్న మరలతో బీఎస్‌ఎఫ్ అని దీనికో తోబుట్టువు వచ్చింది. దాని తల ఒక సైజు చిన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కు ఆదా చెయ్యడానికి విట్‌వర్త్ తలని కూడా ఒక సైజు తగ్గించేశారు. దాంతో పానా మీద ఒక అంకె, బోల్టు సైజు ఇంకో అంకె! అందుకే పాత పానాల మీద రెండేసి అంకెలు కనిపిస్తాయి. మావయ్య మొదటి మూటలో అలాంటివి నాలుగున్నాయి.

రెండో మూట కథ అమెరికాది. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ అనే ఆయన ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకో పద్ధతి ప్రతిపాదించాడు. ఆయన వాదన సింపుల్. విట్‌వర్త్ మర శిఖరాలు గుండ్రంగా ఉంటాయి, అది తియ్యాలంటే మంచి పనిముట్లు, మంచి పనివాడు కావాలి. 60 డిగ్రీల కోణం, చదునైన శిఖరం అయితే మామూలు వర్క్‌షాపులో మామూలు పనివాడు కూడా తియ్యగలడు. 60 డిగ్రీలంటే సమబాహు త్రిభుజం, స్కూలు పిల్లాడైనా గీస్తాడు. వాదన న్యాయమైనదే. కానీ దాంతో ప్రపంచం రెండు ముక్కలైంది. చిత్రమేమిటంటే చాలా సైజుల్లో రెండింటికీ అంగుళానికి మరల లెక్క ఒకటే. సరిగ్గా అర అంగుళం దగ్గరకొచ్చేసరికి విట్‌వర్త్ 12, అమెరికా 13! అమెరికా వాళ్ళు పానా మీద అంకె కూడా వేరేగా వేశారు. తలకి ఎదురెదురు వైపుల మధ్య దూరం ఎంతో అదే అంకె. దాన్నే ఏఎఫ్ అంటారు. ఏఎఫ్ అర అంగుళమంటే పానా నోరు నిజంగానే అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ్టి ఆర్టీసీలకి మూలం అదే. గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బస్సులు ఆ తొలి రోజులవే. వాటిలో ఒకదాన్ని 'దక్కన్ క్వీన్' పేరుతో ఆర్టీసీ ఇంకా భద్రంగా దాచింది. ఆ కాలపు బ్రిటిష్ బండి అంటే ఎక్కువగా విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్‌లే. అంటే హైదరాబాదు రాజ్యంలో మోటారు మెకానిక్ అన్నవాడి చేతికి మొదట దొరికింది డబ్ల్యూ పానా. మావయ్య మొదటి మూట కొత్తగూడెంలో ఆయనకి పని నేర్పిన గురువుగారిది. ఆయనకి ఎక్కణ్ణించి వచ్చిందో మావయ్యకీ తెలీదు.

అప్పట్లో మా ఊరు సరిగ్గా సరిహద్దు మీద. ఇటు నిజాం రాజ్యం, జీలుగుమిల్లి వైపు దాటితే బ్రిటిష్ వాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీ. మధ్యలో కరోడ్‌గిరి నాకాలు. ఇటు హాలీ రూపాయి, అటు కలదారు రూపాయి. సుమారు ఏడు హాలీలైతే ఆరు కలదార్లు. రెండూ రూపాయిలే, రెండింటి పేరూ ఒకటే, విలువ వేరు. సంతకి వెళ్ళినవాడు ఏ రూపాయో అడక్కుండా బేరం ఆడితే మునిగిపోతాడు. 1/2 అనే అంకెతో మావయ్య నన్ను అడిగింది కూడా అచ్చం ఇదే ప్రశ్న అని నాకు తర్వాత వెలిగింది.

యుద్ధం అయ్యాక 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. పుట్టింది అమెరికాలో కాబట్టి జీపుకి ఏఎఫ్ పానాలు. 1960లో మద్రాసులో టాఫే పుట్టి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు చేసింది. 1963లో ఇంటర్నేషనల్ ట్రాక్టర్లు మహీంద్రా వైపు నుంచి వచ్చాయి. వీటికీ అంగుళాల ఏఎఫ్ పానాలే. మాసీ మూలం ఇంగ్లండు కదా, దానికి అమెరికా పానా ఏమిటి అని మీకు అనుమానం రావాలి. రాకపోతే ఈ పాటికి నిద్ర వచ్చి ఉంటుంది!

దానికి కారణం యుద్ధమే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బళ్ళు బ్రిటిష్ సైన్యం చేతిలో, బ్రిటిష్ డిజైన్లు అమెరికా ఫ్యాక్టరీల్లో. రోల్స్ రాయిస్ వారి మెర్లిన్ విమాన ఇంజన్ని అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ చెయ్యాల్సి వచ్చింది. రెండు చోట్ల చేసిన భాగాలు ఒకదానికొకటి అమరాలి కాబట్టి, అమెరికాలో కూర్చుని బ్రిటిష్ మరలే తియ్యాల్సి వచ్చింది. వాటికి కావలసిన ట్యాపులు, డైలు కూడా వాళ్ళే చేసుకున్నారు. ఆ నొప్పి తెలిశాక అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 1948 నవంబరు 18న వాషింగ్టన్‌లో 'యూనిఫైడ్' మరల మీద సంతకాలు చేశాయి. కోణం అమెరికాది, 60 డిగ్రీలు. విట్‌వర్త్ కథ అక్కణ్ణించి వెనకపట్టు పట్టింది. 1965లో బ్రిటిష్ స్టాండర్డ్స్ సంస్థే ఇక కొత్త డిజైన్లలో విట్‌వర్త్ వాడొద్దని చెప్పేసింది. అందుకని అరవైల్లో వచ్చిన మాసీకి ఏఎఫ్ పానాలు. అదే ఇంగ్లండు నుంచి 1955లో మద్రాసు చేరిన బుల్లెట్‌కి మాత్రం పాత మరలు చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయాయి. ఒకే దేశం, రెండు తరాలు, రెండు మూటలు.

మూడో మూట మిల్లీమీటర్లది. 1956లో మన పార్లమెంటు తూనికలు కొలతల చట్టం చేసి మెట్రిక్ పద్ధతి తెచ్చింది. శేర్లు, వీశెలు పోయి కిలోలు వచ్చాయి. కానీ చట్టం చేసినంత మాత్రాన అప్పటికే ఉన్న డ్రాయింగులు మారవు కదా. అంగుళాల్లో గీసిన ట్రాక్టరు అంగుళాల్లోనే ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తూ ఉంటుంది. మరోపక్క 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి టాటా వాళ్ళు తెచ్చిన లారీ మొదట్నుంచీ మెట్రిక్కే. కాబట్టి కొత్తగూడెం బొగ్గు లారీలు విప్పుతూ పెరిగిన మావయ్యకి ముందు తెలిసింది మిల్లీమీటర్లే. అశ్వారావుపేట వచ్చి ట్రాక్టర్ల మీద పడ్డాక రెండో మూట కొనాల్సి వచ్చింది. నెలకి రెండు పానాలు చొప్పున కొన్నాడట, ఏడాది పైన పట్టిందట.

పోనీ మెట్రిక్ అయినా ఒకటేనా? అదీ లేదు! పది మిల్లీమీటర్ల బోల్టుని తీసుకోండి. కాడ అదే, మర అదే. పాత జర్మన్ పద్ధతిలో దాని తల 17. తర్వాత ఐఎస్ఓ వాళ్ళు కూర్చుని 16 చాలన్నారు. జపాను వాళ్ళు బళ్ళలో ఎక్కువగా 14 పెడతారు. పన్నెండు బోల్టుకి అలాగే 19, 18, 17. ఎనిమిది బోల్టుకి యూరప్ తల 13, జపాను తల 12. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది, తర్వాత రెండేళ్ళలో జపాను మోటారు సైకిళ్ళు వచ్చాయి. మన హైదరాబాదు ఆల్విన్ వాళ్ళు కూడా ఎనభైల్లో నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు చేశారు. దాంతో 10, 12, 14, 17 అనే జపాను వరస ఊరూరా మెకానిక్కుల నోళ్ళకెక్కింది.

బజార్లో దొరికే రెండు మూతుల పానాల సెట్టు గుర్తుందా? పది-పదకొండు, పన్నెండు-పదమూడు, పద్నాలుగు-పదిహేను, పదహారు-పదిహేడు, పద్దెనిమిది-పంతొమ్మిది. వరస అంకెలు కాబట్టి అలా జతలయ్యాయి, అంతే. కానీ మావయ్య వాటిని చూపించి చెప్పిన మాట విని ఆశ్చర్యపోయాను. పన్నెండు-పదమూడు పానాలో ఒక మూతి జపానుది, ఒక మూతి యూరప్‌ది, బోల్టు ఒకటే. పదహారు-పదిహేడులో ఒక మూతి కొత్త బండికి, ఒక మూతి పాత బండికి, బోల్టు ఒకటే. ఇన్నేళ్ళూ అది ఒక పానాకి రెండు సైజులు అనుకున్నాను. నిజానికి అది ఒక బోల్టుకి రెండు కమిటీలు!

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి.

నాకు పదమూడేళ్ళప్పుడు వేసవి సెలవులంతా షెడ్డులోనే ఉండేవాణ్ణి. ఒకరోజు మావయ్య ఓ మాసీ ట్రాక్టరు కింద దూరి, చెయ్యి బయటికి చాపి "అర అంగుళం ఇవ్వు" అన్నాడు. మూటలు రెండూ విప్పి కలిసిపోయి ఉన్నాయి. నేను కంటికి సరిపోయినట్టు కనబడిన పానా అందించాను. అది 13. తల 12.7, పానా 13. తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. పానా చక్కగా పట్టింది. ఆయన చూడకుండానే బలంగా గుంజాడు. బోల్టు తల మూలలు అరిగిపోయి పానా జారింది. చెయ్యి పోయి ఛాసిస్ అంచుకి కొట్టుకుంది. ఉంగరం వేలు విరిగింది. సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ ఆ వేలు ఒంకరే.

నన్ను తిట్టలేదు. కట్టు కట్టించుకుని వచ్చాక ఒక్క మాట అన్నాడు. "పట్టింది గదా అని సరిపోయిందనుకోమాక."

ఆ ట్రాక్టరు రైతు మర్నాడు సాయంత్రం దాకా షెడ్డు ముందు కూర్చున్నాడు. అరిగిన బోల్టు ఉలితో కొట్టి తియ్యడానికి ఇంకో మెకానిక్‌ని పిలిపించాల్సి వచ్చింది. మా వైపు సంగతి తెలియనివాళ్ళకి చెబుతున్నాను, ఇప్పుడైతే మాది పామాయిల్ తోటల ఊరు. ఫ్యాక్టరీ ఊళ్ళోనే ఉంది. కోసిన గెలల్ని ఒక రోజు లోపల గానుగ చేరిస్తేనే మంచి నూనె. ఆలస్యమైన కొద్దీ లోపల ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. కోత రోజున ట్రాక్టరు ఆగిందంటే అది వట్టి ట్రాక్టరు రిపేరు కాదు.

నేను ఇన్ని పుస్తకాల మాటలు చెప్పింది దీనికోసమే. విట్‌వర్త్ మరల్ని కాదని సెల్లర్స్ 60 డిగ్రీలు ఎంచుకోవడంలో తప్పు లేదు. 17 తలని 16 చేస్తే కోట్ల బోల్టుల మీద ఎంతో ఉక్కు మిగులుతుంది, అదీ తప్పు కాదు. ఎవరి లెక్క వాళ్ళకి సరైనదే. కానీ మిగిలిన ఉక్కు విలువ ఫ్యాక్టరీ ఖాతాలో పడింది. కొత్త పానా ఖర్చు, అరిగిన బోల్టు, ఆగిన ట్రాక్టరు, విరిగిన వేలు, ఇవన్నీ రోడ్డు చివర షెడ్డు ఖాతాలో పడ్డాయి. ఆ ఖాతా ఏ కమిటీ ముందుకీ రాలేదు.

అందరూ అలా చేశారా అంటే, లేదు. ఒక కథ చెబుతాను, నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇష్టమైనది ఇదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి తుపాకుల కంపెనీ ఇంగ్లండులో కోవెంట్రీలో ఒక ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధం అయిపోయాక పని లేక మోరిస్ కార్లకి ఇంజన్లు చెయ్యడం మొదలుపెట్టింది. 1923లో మోరిస్ ఆ ఫ్యాక్టరీనే కొనేశాడు. అక్కడి మిషన్లన్నీ ఫ్రెంచివి, మెట్రిక్ మరలు తప్ప తియ్యలేవు. అవన్నీ మార్చాలంటే బోలెడు ఖర్చు. మరి బ్రిటన్‌లో ఊరూరా ఉన్న మెకానిక్కుల దగ్గర ఉన్నవి విట్‌వర్త్ పానాలు. ఏం చేశారో తెలుసా? మరలు మెట్రిక్కే ఉంచి, బోల్టు తలలు మాత్రం విట్‌వర్త్ సైజులో చేశారు! లోపల ఫ్రాన్సు, పైన ఇంగ్లండు. మెకానిక్ తన పానా పెట్టి తిప్పితే తిరుగుతుంది, లోపల ఏ మర ఉందో ఆయనకి పట్టింపు లేదు. మోరిస్ కుటుంబం ఇంజన్లలో ఈ ఏర్పాటు 1950ల దాకా నడిచింది. మన అంబాసిడర్ ఆ మోరిస్ ఇంటి బిడ్డే, కాకపోతే అది పుట్టేనాటికి యూనిఫైడ్ మరలు వచ్చేశాయి.

ఈ ఏర్పాటుని వెక్కిరించేవాళ్ళు చాలామంది. పాత కార్లు బాగుచేసుకునేవాళ్ళు తిట్టుకుంటారు కూడా, ఎందుకంటే బోల్టు పోతే అలాంటిది బజార్లో దొరకదు. ఆ తిట్టులో న్యాయముంది. నా మటుకు నాకు మాత్రం అందులో ఒక మర్యాద కనిపిస్తుంది. బోల్టుకి రెండు కొసలు. మర ఉన్న కొస యంత్రంతో మాట్లాడుతుంది. తల ఉన్న కొస మనిషితో మాట్లాడుతుంది. మర మార్చుకోవాలా వద్దా అన్నది ఫ్యాక్టరీ ఇష్టం. తల మార్చాలంటే మాత్రం ఊరూరా ఉన్న పెట్టెల్లో ఏ పానాలున్నాయో ముందు చూడాలి. మన భాషలో చెప్పాలంటే లోపలి కోడు ఎన్నిసార్లయినా తిరగరాసుకో, ఏపీఐ ముట్టుకునే ముందు మాత్రం దాన్ని ఎవరు వాడుతున్నారో చూడు.

ఇప్పుడు మన వంతు వచ్చింది. ఈ రోజుల్లో వచ్చే బళ్ళకి పానా పట్టినంత మాత్రాన సరిపోదు. కార్లలో స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకీ అదే తప్పనిసరి, మన దేశంలో 2010 నుంచి దశలవారీగా వచ్చింది. సాకెట్ ఆకారం ప్రపంచమంతా ఒకటే. పొగకి సంబంధించిన కోడ్‌లు ఎవరైనా చదవచ్చు. అది దాటి లోపలికి పోవాలంటే మాత్రం చాలా కంపెనీలకి ఎవరి సాఫ్ట్‌వేర్ వారిదే, ఎవరి తాళం వారిదే. అంటే మోరిస్ చేసిన పని తలకిందులైంది. తల అందరికీ ఒకటే, కానీ తిప్పితే తిరగదు. పానా పడుతుంది, సరిపోదు.

ఈ గొడవ ట్రాక్టర్లతోనే పెద్దదైంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసి, వ్యవసాయ యంత్రాల రిపేరుకి కావలసిన సాఫ్ట్‌వేరు, పనిముట్లు రైతులకీ బయటి మెకానిక్కులకీ ఇవ్వాల్సిందేనని చెప్పింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022 జూలైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. మొదట ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. చట్టం మాత్రం కాదు. 1956 చట్టం తర్వాత కూడా అంగుళాల బోల్టులు ఎన్నేళ్ళు ఫ్యాక్టరీల నుంచి వచ్చాయో చూశాం కాబట్టి, పోర్టల్ మీద నేను పెద్దగా ఆశలు పెట్టుకోవట్లేదు.

నాకు దీన్లో నీతులు చెప్పే అర్హత ఉందా అంటే అనుమానమే. నేను పనిచేసే చోట కిందటి ఏడాది ఒక పాత వెర్షన్ మూసేశాం. వాడకం ఒక శాతం లోపే అని గ్రాఫు చూపించింది నేనే. మూడు నెలల ముందు నోటీసు కూడా ఇచ్చాం. మూసిన మర్నాడు మొదటి ఫోను ఓ చిన్న ఊరి షాపువాడిది. నాలుగేళ్ళ కిందట ఎవరో కుర్రాడు పెట్టి ఇచ్చాడట, ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో తెలీదట. బిల్లులు రావట్లేదని అడుగుతున్నాడు. మా సపోర్టు వాళ్ళు కొత్త వెర్షన్‌కి మారమని లింకు పంపి టికెట్ మూసేశారు. పద్ధతి ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది.

మళ్ళీ షెడ్డు దగ్గరికి. మూడు మూటలూ చూసి, చదువుకున్నవాడిలాగే తీర్పు చెప్పాను. "మిల్లీమీటర్ల మూట ఉంచు. అంగుళాల మూట కూడా ఉంచు, పాత మాసీలు ఇంకా తిరుగుతున్నాయి కదా. ఈ డబ్ల్యూ మూట పాత ఇనుముకి వేసెయ్ మావయ్యా. ఆ బళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

మావయ్య ఆ మూట దగ్గరికి లాక్కుని, పానాలు ఒక్కోటీ తుడుస్తూ అన్నాడు. "వినాయకపురం నుంచి ఒక మాస్టారొస్తాడు. రిటైరయ్యాడు. ఆయన బుల్లెట్ నా షెడ్డు కంటే పాతది. ఏడాదికోసారి వస్తది."

"ఒక్క బండి కోసమా?"

"ఆయనకున్నది ఒక్క బండేగా."

పానాలు గుడ్డలో చుట్టి తాడు కట్టి, పైన సుద్దతో పెద్దగా 'మాస్టారి బండి' అని రాసి పెట్టెలో అడుగున పెట్టాడు. కొడుకుని పిలిచి, ఇది ఎందుకో చెప్పి మరీ పెట్టాడు.

సెలవు అయిపోయి తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని ఆ మూసేసిన టికెట్ వెతికి ఆ షాపు నంబరు పట్టుకోవడం. ఫోను చేస్తే ఆయన వేరే కంపెనీ వాళ్ళది పెట్టించుకున్నాడని తెలిసింది. ఎందుకు చేశానని అడిగాడు. ఏం చెప్పాలో తోచక, బిల్లులు సరిగ్గా వస్తున్నాయా అని అడిగాను. వస్తున్నాయన్నాడు.

వచ్చే నెల ఇంకో వెర్షన్ మూసే మీటింగు ఉంది. ఈసారి గ్రాఫుతో పాటు ఆ ఒక శాతంలో ఎవరెవరున్నారో పేర్లు కూడా పట్టుకెళ్తున్నాను.